ఏసోబు తాతకు కొట్టిన ఉత్త ఫ్లాష్

కొన్నేండ్లుగా నా మెడలో రెండు బరువులు వేలాడుతున్నాయి. ఒకటి కెమెరా. సెకండ్‌హ్యాండుది, ఇనుము తక్కువ, ప్లాస్టిక్ ఎక్కువ, పెద్ద బరువేం కాదు. ఇంటికి పోగానే పట్టీ పట్టుకొని మేకుకు తగిలిస్తాను. రెండోదానికి పట్టీ లేదు. దాన్ని యాడ తగిలించాలో తెలీక ఇన్నాళ్ళూ మోస్తాండా.

చెప్పేద్దామని చాలాసార్లు అనుకున్నాను. నోరు తెరిచిన ప్రతిసారీ జోకు వచ్చింది. అది నాకు చిన్నప్పటినుంచీ ఉన్న జబ్బు. ఎవరన్నా ఏడుస్తుంటే నాకు బాధ కనపడదు, ముక్కు చీదే పద్ధతి కనపడుతుంది. మా పెద్దమ్మ పోయినప్పుడు శవం తల పక్కింటి వైపు వాలి ఉంటే, "చూడండి, ఇప్పుడు కూడా వాళ్ళింట్లో ఏం కూరో కనుక్కుంటాంది" అన్నాను. ఏడ్చేవాళ్ళు కూడా నవ్వినారు. ఆ నవ్వు నన్ను చెడగొట్టిందని రాస్తే బాగానే ఉంటుంది. కానీ అబద్ధం. నేను అప్పటికే చెడిపోయి ఉన్నాను.

తప్పు ఒప్పుకోవాలంటే, ఇది జరిగిన ఊర్లో పాస్టరయ్య ఉన్నాడు. మంచి మనిషి. కానీ మైకు ఆపడం మర్చిపోతాడు. అందుకే మీ దగ్గరికి వచ్చినా. మీరెవరో నాకు తెలీదు, నా ముఖం మీకు తెలీదు. ఇంతకంటే దగ్గరి చుట్టాలు ప్రస్తుతానికి నాకు లేరు.

ముందు నా పని గురించి చెప్పాలి. లేకపోతే నేను చేసింది మీకు తప్పులాగే కనపడదు. కనపడకపోతే బాగుండునని నాలో ఒకడికి ఆశగానే ఉంది. వాణ్ణి పట్టించుకోకండి.

పత్తికొండలో బాషా అన్న జిరాక్స్ షాపులో పనిచేస్తాను. పండగలకూ సెలవులకూ చుట్టుపక్కల ఊర్లలో ఫోటోలు తీస్తాను. పెండ్లిళ్ళు నాకు రావు, వాటికి డ్రోన్లున్నోళ్ళు వస్తారు. నాకు వచ్చేవి పుట్టెంట్రుకలు, చెవులు కుట్టడాలు, బండలాగుడు పోటీలు, చర్చి పండగలు, సర్పంచి పుట్టినరోజు. కెమెరా కొంటే డబ్బాలో దాంతోపాటే ఊరికే వచ్చే లెన్సు ఉంటుంది చూడండి, నాకున్నది అదొక్కటే. దాని జూమ్ రింగు వదులైతే రబ్బరు బ్యాండు వేసినాను. షామియానా నీడలోకి పోతే అది సగం గుడ్డిది. అందుకని ప్రతిదానికీ ఫ్లాష్ కొట్టాలి. ఆ ఫ్లాష్ కూడా పాతదే. వెలుగు మెత్తగా పడుతుందని దాని ముందర పాల ప్యాకెట్ కత్తిరించి కట్టినాను. మెత్తగానే పడేది. ఎండాకాలంలో కొంచెం వాసన వచ్చేది.

ఆ ఫ్లాష్ వెనక చిన్న బటన్ ఒకటి ఉంటుంది. ఫ్లాష్ పనిచేస్తోందో లేదో చూసుకోడానికి పెట్టింది. బొటనవేలితో దాన్ని నొక్కితే వెలుగు వస్తుంది, ఫోటో పడదు. మా పనిలో దీన్ని ఉత్త ఫ్లాష్ అంటాం. ఫంక్షన్‌లో పిల్లకాయలు వచ్చి మీద పడతారు, తాగినోళ్ళు వచ్చి మెడ మీద చెయ్యేస్తారు, "అన్నా ఒక ఫోటో" అంటారు. అందరికీ తీస్తే బ్యాటరీ మధ్యాహ్నానికే చస్తుంది. కాబట్టి ఉత్త ఫ్లాష్. ముఖం మీద వెలుగు పడితే చాలు, వాళ్ళు మర్యాదగా పోతారు. ఫోటో ఎప్పుడిస్తావని రేపు ఎవడూ అడగడు. వెలుగుతో పాటు నాలుకతో "టిక్" అనడం మాత్రం నేను సొంతంగా కనిపెట్టింది. ఆ టిక్కు మీద నాకు కొంత గర్వం ఉండేది.

ఇప్పుడు సంగతికి వస్తా. ఇంకా వెనక్కి జరగడానికి జాగా కూడా లేదు.

పత్తికొండ దగ్గరే ఒక ఊరు. పేరెందుకులే. ఆ ఊర్లో పాత చర్చి ఉండాది. యేటా కోతపండగ చేస్తారు. పంటలో మొదటిది దేవుని ముందర పెట్టి, ఆరాధన అయినాక అక్కడే వేలం వేస్తారు. టమోటాలు, వేరుశనక్కాయలు, గుమ్మడికాయలు, కోళ్ళు. ఒక్క గుమ్మడికాయ కోసం బావ, బామ్మర్ది పోటీ పడి పాడుకుంటారు. దేవుని మీద ప్రేమో, బావ మీద కసో చెప్పలేం. ఆరోజు ఫోటోలు తీయడానికి నన్ను పిలిచినారు. ఫోన్లు బయటికి తీయొద్దని పాస్టరయ్య ముందే చెప్పినాడు, తీసినోడి ఫోన్ కూడా వేలంలో పెడతానన్నాడు. కాబట్టి ఆ షామియానా కింద కెమెరా అంటే నాదొక్కటే. ఇది గుర్తు పెట్టుకోండి. తర్వాత నేను దీన్ని మర్చిపోవాలని శానా తంటాలు పడినా.

ఏసోబు తాత, రాహేలవ్వ. ఇద్దరూ కూలోళ్ళు. వేరేవాళ్ళ చేన్లలో టమోటాలు తెంపేది వాళ్ళ పని. పిల్లల్లేరు. తాత పొడుగ్గా, ఎండిన జొన్నదంటు మాదిరి ఉంటాడు. అవ్వ ఆయన మోచేతి దాకా వస్తుంది. చర్చిలో మగోళ్ళు ఒక పక్క, ఆడోళ్ళు ఒక పక్క కూర్చుంటారు. కానుక ఇచ్చేటప్పుడు మాత్రం మొగుడూ పెండ్లాం కలిసి వస్తారు. వాళ్ళిద్దరూ ఒక గంప టమోటాలు తెచ్చినారు. దెబ్బ తగిలింది ఒక్కటి లేదు, పైన వరసగా పేర్చి ఉన్నాయి. గంప దించి, వెనక్కి పోకుండా అవ్వ నా దగ్గరికి వచ్చింది.

"వందనాలు నాయనా. మా ఇద్దరికీ ఒక ఫోటో తీస్తావా? మాకు ఒకటీ లేదు."

పెండ్లినాటిది కూడా లేదంట. తాత దూరంగా నిలబడి, తనకేం సంబంధం లేనట్టు షామియానా కట్టె చూస్తున్నాడు. అప్పుడే ఒక కోడి తాడు తెంచుకొని పోయింది, దాని కోసం వేలం ఆగింది. జనం విసుగ్గా ఉన్నారు. విసుగ్గా ఉన్న జనాన్ని చూస్తే నాకు చెయ్యి దురద.

"రా తాతా, దగ్గరికి రా. భయపడొద్దు, ఆమె నీ పెండ్లామే."

నవ్వు మొదలైంది. తాత ఒక్క అడుగు జరిగినాడు. 

"ఇంకా రా. మీ ఇద్దరి మధ్యలో ఆటో పోతాది." ఇంకా నవ్వు. "అవ్వా, నీ చెయ్యి ఆయప్ప భుజం మీద పెట్టు."

అవ్వ కొంగుతో నోరు మూసుకుంది. తల అడ్డంగా ఊపింది. ఆడోళ్ళ పక్కనుంచి ఎవరో "పెట్టక్కా, ఏం కొరకడులే" అని అరిచినారు. పెట్టకపోతే ఫోటో రాదని నేను చెప్పినా. కెమెరా మీద నాకున్నంత అధికారం ఆరోజు పాస్టరయ్యకు దేవుని మీద కూడా లేదు. అవ్వ చెయ్యి లేచింది, ఆగింది, కాలే పెనం మీద పెట్టినట్టు ఆ భుజాన్ని తాకి వెనక్కి వచ్చింది. జనం గోల. మళ్ళీ లేచింది. ఈసారి అక్కడే ఉండిపోయింది.

నలుగురిలో ఆమె ఆయన్ని ముట్టుకోవడం అదే మొదటిసారని తర్వాత తెలిసింది. తర్వాత అని ఎందుకంటాను? అప్పుడే తెలుసు. ఆ చెయ్యి చూసిన ఎవరికైనా తెలుస్తుంది. తెలుసు కాబట్టే అంత బాగా నవ్వొచ్చింది.

"తాతా, ఇప్పుడు కండ్లార్పొద్దు. ఆర్పినావంటే మొత్తం చెడిపోతాది."

కెమెరా కన్నుకు ఆనించినా. అప్పటికీ తీద్దామనే అనుకున్నానో, లేదో. ఆ క్షణాన్ని శానాసార్లు తిరగేసి చూసినా. ఒకసారి నేను మంచోడిగా కనపడతాను, ఒకసారి కనపడను. చివరికి మిగిలేది ఒకటే. నా వేలు షట్టర్ మీద లేదు. బొటనవేలు ఫ్లాష్ వెనక ఉండింది. వెలుగు. టిక్. "ఇంకోటి" అన్నా. వెలుగు. టిక్.

ఎందుకు తీయలేదు? బ్యాటరీ అయిపోతుందనా? ఇన్నేండ్లు నాకు నేను చెప్పుకున్నది అదే. వినడానికి బాగుంటుంది, పేదవాడి కెమెరా, పాత బ్యాటరీ, పాపం. కానీ ఆ తర్వాత వేలానికి ఒక పొట్టేలు వచ్చింది. దానికి ఎన్ని తీసినానో లెక్కలేదు. కొమ్ములు విడిగా, ముఖం విడిగా, పాడుకున్నోడితో కలిపి. ఆ ఫోటోలు ఇప్పటికీ ఉన్నాయి, పొట్టేలు చక్కగా పడింది. బ్యాటరీ కాదు కారణం. జోకు అప్పటికే పండింది. పండిన జోకుకు ఫోటో ఎందుకని. అంతే. ఇంతకంటే పెద్ద కారణం దొరుకుతుందేమోనని వెతికినా. దొరకలేదు.

"పడిందా నాయనా?" అని అవ్వ అడిగింది. చెయ్యి ఇంకా భుజం మీదే ఉంది.

"పడిందవ్వా. బ్రహ్మాండంగా."

తర్వాత తాత బస్టాండులో కనపడినప్పుడల్లా అడిగేవాడు. "ఫోటో కడిగినావా అప్పా?" పాతకాలం మాట, ఫోటోలు కడుగుతారని. "కడుగుతానే ఉండా తాతా, శానా మురికుండాది" అనేవాణ్ణి. ఆయన కూడా నవ్వేవాడు. అది తన మీద జోకని తెలిసినా నవ్వేవాడేమో. కొందరు అట్ల ఉంటారు, మనకు పని సులువు చేస్తారు.

చలికాలంలో చచ్చిపోయినాడు. టమోటా చేన్లో, సాలు మధ్యలో కాసేపు కూర్చున్నాడంట, మళ్ళీ లేవలేదు. పక్క సాలులో ఉన్న అవ్వ, తొందరగా తెంపమని చాలాసేపు తిట్టిందంట. ఈ సంగతి నాకు చెప్పినోడు నేను ఏదన్నా అంటానని నా నోటి వైపు చూసినాడు. ఆ ఒక్కసారి ఏమీ అనలేదు. అది గొప్పగా చెప్పుకునే స్థితిలో ఉన్నా, చూడండి.

తర్వాత కొన్ని వారాలకు అవ్వ షాపుకు వచ్చింది. మధ్యాహ్నం, కరెంటు లేదు, బాషా అన్న పేపరుతో విసురుకుంటున్నాడు. ఆమె చెప్పులు బయట విప్పి లోపలికి వచ్చింది. జిరాక్స్ షాపులోకి చెప్పులు విప్పి వచ్చినోళ్ళను నేను ముందూ చూడలేదు, తర్వాతా చూడలేదు.

"ఫోటో కోసం వచ్చినా నాయనా."

"ఏ ఫోటో అవ్వా?" తెలిసే అడిగినా.

"అదే, కోతపండగనాడు తీసినావే. నాతో చెయ్యి పెట్టించి." ఆ మాట అంటూ తన చేతిని చూసుకుంది. "చర్చోళ్ళు ఆయప్ప సమాధికి బండ పోపిస్తాండారు. ఈస్టరు కల్లా అయిపోవాల. మేస్త్రికి చెప్పి పలక జాగా వదిలిపెట్టించినా. ఇంత."

రెండు చేతులతో గాల్లో చదరం చూపించింది. మా పక్క సమాధుల మీద ఫోటో అచ్చేసిన పలక అతికిస్తారు. ఉన్నోళ్ళు నల్లరాతి మీద, లేనోళ్ళు బాత్రూముకు వాడే టైలు మీద.

"ఆధార్ కార్డులో ఉంటాది గదవ్వా. అది వేద్దాం."

"దాంట్లో దొంగ మాదిరుండాడు. అయినా దాంట్లో నేను యాడుండా?"

"సమాధి మీద నువ్వెందుకవ్వా? నువ్వు బతికే ఉండావు గదా."

"ఇప్పుడుండా. నేను పోయినాక పలక పెట్టించేకి ఎవరుండారు నాయనా? నన్నూ ఆడ్నే పెడతారు. ఇద్దరిదీ ఒకటే అతికిస్తే పనైపోతాది."

అక్కడ చెప్పి ఉండాల్సింది. అవ్వా, నేను ఫోటో తీయలేదు. ఇంతే మాట. నోరు తెరిచినా. నా నోరు తెరిస్తే ఏమొస్తుందో మీకు ఇప్పటికి తెలుసు.

"చెడిపోయిందవ్వా. తాత కండ్లు మూసుకున్నాడు."

ఆమె మామూలుగా, కూర బేరం చేసినట్టు అంది:

"మూసుకుంటే మూసుకోనీలే. ఇయ్యి. ఇప్పుడూ మూసుకొనే ఉండాడు గదా."

మాటకు మాట అనడంలో నన్ను అంతవరకూ ఎవరూ ఓడించలేదు. ఓడిపోయినోడు ఒప్పుకోవాలి గదా. నేను ఇంకోటి అల్లినా.

"ఇయ్యడానికి లేదవ్వా. బాగలేదని తీసేసినా."

"బాగుందో లేదో నేను గదా చెప్పాల్సింది?"

నేను కౌంటరు మీది కాయితాలు సర్దినా.

"రెండు తూర్లు కొట్టినావు గదా మెరుపు. రెండు తూర్లూ మూసుకున్నాడా?"

"రెండు తూర్లూ."

ఆమె నన్ను చూడలేదు. తలుపు వైపు తిరిగి, అక్కడ ఆయన నిలబడి ఉన్నట్టు అంది. "ఆర్పొద్దని పిల్లోడు చెప్తానే ఉండె. మాట వినే మనిషైతే గదా. నా మాట యా పొద్దు విన్నాడు, పిల్లోని మాట వినేకి?" చెప్పుల్లో కాళ్ళు పెట్టుకుంటూ నా వైపు తిరిగింది. "నీదేం తప్పు లేదులే నాయనా."

పోయింది. బాషా అన్న విసురుకోవడం ఆపినాడు. "నువ్వు తీసేసినావా? నీ కంప్యూటర్లో బస్టాండు పందుల ఫోటోలు కూడా ఉండాయి గదరా" అన్నాడు. "పందులు కండ్లు మూసుకోలేదన్నా" అన్నాను. ఆయన నవ్వలేదు. నేను జోకు వేస్తే బాషా అన్న నవ్వకపోవడం అరుదు.

ఇక్కడితో ఆగి ఉంటే, నేను మామూలు పిరికోణ్ణి. మీరు కూడా క్షమించి పక్కకు తిరిగేవాళ్ళు. కానీ ఆ వారంలోనే టీకొట్టు దగ్గర నలుగురి ముందు ఆ కథ చెప్పినా. అవ్వ కథ కాదు, తాత కథ. బతుకులో ఒక్క ఫోటో దిగి, దాంట్లో కూడా కండ్లు మూసుకున్నాడని. సమాధికి ముందే రిహార్సల్ చేసుకున్నాడని. ఎందుకు చెప్పినా? అబద్ధాన్ని నలుగురి నోట్లో పెడితే అది నాది కాకుండా పోతుందని అనుకున్నానేమో. నిజంగా పోయింది కూడా. అది ఊరిది అయిపోయింది. ఇప్పుడు ఆ ఊర్లో ఫోటోకు నిలబడినోడు రెప్ప వేస్తే "ఏయ్, ఏసోబు అయితాండావు" అంటారు. ఆయన ఎవరో తెలీని పిల్లకాయలు కూడా అంటారు. ఒకసారి పుట్టినరోజు ఫోటోలు తీస్తూ, ఎండకు కండ్లు చికిలించిన చిన్నపాపతో నేనే అన్నాను, "ఏసోబు చేయొద్దమ్మా" అని. వాళ్ళమ్మ పడీపడీ నవ్వింది. ఫోటో బాగా వచ్చింది.

ఆ యేడు ఈస్టరు తెల్లవారుజామున సమాధుల తోటలో ఫోటోలు తీయడానికి మళ్ళీ నన్నే పిలిచినారు. సున్నాలు కొట్టి, బంతిపూలు పరిచి, కొవ్వొత్తులు వెలిగించి, ఊరంతా అక్కడే ఉంటుంది. ఏసోబు తాత సమాధి కొత్తది, సిమెంటు వాసన ఇంకా ఉంది. తలవైపు బండలో మేస్త్రి వదిలిన చదరపు గుంట ఖాళీగా ఉంది. అవ్వ దాంట్లో కొవ్వొత్తి నిలబెట్టింది. మైనం కరిగి గుంటలో నిండుతోంది. ఆమె బండను చేత్తో తుడుస్తూ తిడుతోంది. "ఒక్క గడియ తెరుచుకొని ఉండలేకపోతివే. నేను సిగ్గిడిచి చెయ్యేస్తే, నీకు నిద్రొచ్చిందా?" చుట్టూ ఉన్నోళ్ళు నవ్వుతున్నారు. ఆమె కూడా నవ్వుతోంది. మొగుడు చచ్చినాక కూడా పెండ్లాం తిట్లు తింటున్నాడని ఎవరో అన్నారు. నేను కాదు. ఆరోజు అది నేను అనాల్సిన అవసరం కూడా రాలేదు.

నన్ను చూసి పిలిచింది. తిడుతుందేమో అనుకున్నా. తిట్టి ఉంటే ఇదంతా మీకు రాసేవాణ్ణి కాదు.

"ఆయప్ప సంగతి వదిలెయ్యి. దాంట్లో నేనెట్లుండా నాయనా? నువ్వు చూసినావు గదా."

లేని ఫోటోలో ఆమె ఎట్లుంది? చెప్పినా. బాగుండావవ్వా, నవ్వుతాండావు, ఎర్రచీర బాగా పడింది అని. ఆమె మొహం కొంచెం మారింది. "ఆ పొద్దు నేను కట్టుకునింది పసుపుది గదా" అంది. నేను ఆమెను అంతసేపు ఆడించినా, చీర రంగు కూడా చూడలేదు. "కెమెరాలో రంగులు మారతాయవ్వా" అన్నాను. నమ్మింది. నన్ను నమ్మడం ఆమెకు అలవాటైపోయింది. ఆ అలవాటు కూడా నేనే చేసినా.

ఇప్పుడు ఒకటి తీస్తా, సమాధి పక్కన కూర్చో అన్నాను. వేలు షట్టర్ మీదే పెట్టినా, ఒట్టు. ఆమె వద్దంది. "ఒక్కదాన్నే దిగి ఏం చేసుకోల?"

అప్పటినుంచి ప్రతి కోతపండగకూ, ప్రతి ఈస్టరుకూ అడుగుతుంది. వేరే అవ్వల్ని వెంటబెట్టుకొని వస్తుంది. "ఈ పిల్లోడు చూసినాడు, చెప్తాడు వినండి" అంటుంది. నేను చెప్తాను. చీర ఇప్పుడు పసుపుది. చెయ్యి భుజం మీద గట్టిగా ఉంది. వెనక టమోటా గంప కనపడుతోంది. యేటా ఒక వివరం కలుస్తుంది. నేను తీసిన ఫోటోలన్నిటిలో ఆ తీయని ఫోటోయే బాగా వచ్చింది. దాంట్లో చెడిపోయింది ఒక్కటే, తాత కండ్లు. అవి మాత్రం యేటా మూసుకునే ఉంటాయి. తెరిపించడానికి నాకు దారి లేదు. తెరిపిస్తే ఫోటో ఏదని అడుగుతుంది.

ఆ పండగలకు పోకుండా ఉండొచ్చు గదా అని మీరు అడగొచ్చు. అడగండి. నన్ను నేనూ అడిగినా. పోకపోతే ఆమెకు ఎవరు చెప్తారు అనిపిస్తుంది. చూడండి, ఎంత మంచి మాట. నిజం చెప్తే ఆమె దగ్గర ఉన్న ఆ బొమ్మ కూడా పోతుంది, అందుకే చెప్పడం లేదు, ఇది దయ అని కూడా అనుకుని చూసినా. కొన్ని నెలలు ఆ దయ బాగానే పనిచేసింది. తర్వాత దాన్ని కొంచెం గీరి చూస్తే లోపల భయం ఉండాది. నీదేం తప్పు లేదులే నాయనా అన్న మాట నాకు కావాలి. నిజం చెప్తే దాన్ని వెనక్కి తీసుకుంటుంది. ఆ మాట మీద నాకు హక్కు లేదని తెలుసు. తెలిసీ పట్టుకొని వేలాడుతున్నా.

రాహేలవ్వకు చదువు రాదు. అందుకే ఇది రాస్తాండా, ఆమె ముందర కూర్చొని చెప్పడం లేదు. దీన్ని ధైర్యం అనుకోకండి. ఆమెకు చదివి వినిపించేవాళ్ళు మీలో ఎవరన్నా ఉంటే వినిపించండి. నేను ఆపలేను. ఆపాలని ఉంది, అది వేరే సంగతి.

ఇంకొక్కటి మిగిలింది. నిజానికి ఇంతసేపూ ఇది చెప్పడానికే చుట్టూ తిరిగినా.

ఆరోజు కెమెరా నా కంటికి ఆనించే ఉంది. అది నాటకమే అయినా, అద్దంలోంచి చూస్తానే ఉండినా. ఆ గుడ్డి లెన్సులో కూడా తాత ముఖం స్పష్టంగా కనపడింది. ఆర్పొద్దని నేను చెప్పిన దగ్గరినుంచి ఆయన కండ్లు పెద్దవి చేసి నా వైపే చూస్తున్నాడు. మొదటి వెలుగు ముఖం మీద పడింది. రెండోది కూడా పడింది. కండ్లలో నీళ్ళు తిరిగి చెంపల మీదికి కారినాయి. "పెండ్లాం చెయ్యేసిందని ఏడుస్తాండావా తాతా" అన్నాను. షామియానా అంతా నవ్వింది. ఆయన కూడా నవ్వినాడు, రెప్ప మాత్రం కదపకుండా. అవ్వ "పడిందా" అని అడిగి, నేను "పడింది" అన్నాకే ఆ రెప్పలు వాలినాయి.

ఏసోబు తాత కండ్లు మూసుకోలేదు. రెండు తూర్లూ మూసుకోలేదు.